షాజహాన్ బీ ఖాకా కాగితం

మెదక్ ఖిల్లా గుట్ట కింది గల్లీలో షాజహాన్ బీ ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ షాజహాన్ బీ అని తిరిగి అడుగుతారు. ఖాకా బీ అంటే మాత్రం వెంటనే చెప్తారు, నీలిరంగు తలుపు, గడప పక్కన గోరింట చెట్టు.

జాకెట్ల మీదా దుపట్టాల మీదా జరీతో మగ్గం పని చేసేవాళ్లకు, సూది పెట్టేముందే పువ్వు ఎక్కడ రావాలో, తీగ ఎటు తిరగాలో గుడ్డ మీద గుర్తులు కావాలి. కుట్టు కూడా వచ్చినా, ఆ గుర్తులు వేయడమే షాజహాన్ బీ అసలు పని. పలచటి కాగితం మీద బొమ్మ గీస్తుంది. గీత వెంట సూదితో దగ్గరదగ్గరగా చిల్లులు పొడుస్తుంది. ఆ చిల్లుల కాగితమే ఖాకా. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిలో, తెల్లగుడ్డ అయితే నీలిపొడిలో, గుడ్డపీలిక ముంచి పైన రుద్దుతుంది. కాగితం ఎత్తితే కింద చుక్కలు, ఆ చుక్కల్లో పువ్వు.

పదహారేళ్ల వయసులో మొదలుపెట్టిన ఈ పని మీద ఆమెకు నలభై తొమ్మిదో ఏట కూడా విసుగు పుట్టలేదు. కాగితం ఎత్తే ఆ ఒక్క క్షణం కోసమే ఆమె బతుకుతున్నట్టు ఉండేది. ఎత్తాక చాలాసేపు చూస్తూ ఉండిపోయేది. పొయ్యి మీద చాయ్ పొంగిపోయేది. ఎవరో గడపలో నిలబడి మూడుసార్లు పిలిచేవారు. ఇంట్లోవాళ్లు ఆమెను ఖయాలీ అనేవారు, అంటే ఎప్పుడూ ఏదో ఊహలో ఉండే మనిషని. తెల్లవారుజామున ఆమెకు ఒక కల తరచుగా వచ్చేది. ఊరంత పెద్ద ఖాకా కాగితం ఒకటి గుట్ట మీదుగా మెల్లగా జరుగుతూ ఉంటుంది. దాని చిల్లుల గుండా వెలుతురు చుక్కలు చుక్కలుగా మిద్దెల మీద, చర్చి గోపురం మీద, చేలమీద పడుతూ పోతుంది. కాగితాన్ని జరిపేది ఎవరో ఎప్పుడూ కనిపించలేదు.

ఆమె పదో తరగతి లెక్కల్లో తప్పింది. ఉర్దూ మీడియం. తక్కిన అన్నిట్లో గట్టెక్కి లెక్కల దగ్గరే ఆగిపోయింది. దర్జీ పని చేసే తండ్రి కోప్పడలేదు. హిసాబ్ నీవల్ల కాదులే బేటీ అని తల మీద చెయ్యివేసి, మరునాడు మగ్గం ముందు కూచోబెట్టాడు. ఆ మాట ఆమె నమ్మింది. ముప్పై ఏళ్లకు పైగా ఎవరైనా హిసాబ్ అనో లెక్క అనో అనగానే పక్కకు తప్పుకునేది. పెళ్లయ్యాక ఇంటి లెక్కలన్నీ భర్త ఖయ్యూం చూసుకున్నాడు. అతను కుట్టుమిషన్లు బాగు చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు. వాళ్ల కూతురు జోహా ఇంటర్ మొదటి ఏడు చదువుతోంది.

రెండేళ్ల కిందట బజారులోకి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చాయి. వాటికి ఖాకా అక్కరలేదు, తెర మీద బొమ్మ పెడితే అదే కుట్టుకుంటూ పోతుంది. షాజహాన్ బీ దగ్గరికి గుడ్డలు పంపే దుకాణాలు ఒకటొకటిగా తగ్గాయి. మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. పాత ఖాకాలను సంచిలోంచి తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, చిల్లుల్లోంచి గోరింట చెట్టును చూస్తూ కూచునేది. బాధపడుతున్నదా అంటే అదీ కాదు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూచున్న మనిషిలా ఉండేది.

అట్లాంటి ఒక జూలై మధ్యాహ్నం, సన్నటి తుంపరలో పెర్సిస్ టీచర్ వచ్చింది.

పెర్సిస్‌ది మెదక్ చర్చి వెనకాల ఇల్లు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఎప్పుడూ ఇస్త్రీ చీర, సంచిలో గొడుగు, ఆ సంచిలోనే గ్రాఫు కాగితాలు. ఆమె తల్లి ఎల్దుర్తి దగ్గర ఒక పల్లెలోని చిన్న చర్చిలో నలభై ఏళ్లు ఊడ్చి, దీపాలు తుడిచి, పోయిన ఏడాదే చనిపోయింది. తల్లి పేరున ఆ చర్చిలో ప్రభురాత్రి భోజనపు బల్లకు ఒక తెల్లగుడ్డ ఇవ్వాలని పెర్సిస్ అనుకుంది. గుడ్డ ముందువైపు జరీతో ఐదు కమాన్లు రావాలి. చిన్నప్పుడు తల్లి పక్కన కూచుని చూసిన కిటికీలు అట్లాగే ఉండేవట, పైన వంపు తిరిగి.

మిషన్ కుట్టు వద్దా అని షాజహాన్ బీ అడిగింది. మా అమ్మ చేత్తో తుడిచింది, చేత్తో కుట్టిందే కావాలంది పెర్సిస్. సంచిలోంచి గ్రాఫు కాగితం తీసి మంచం మీద పరిచింది. ఒక్కో గడి ఒక్కో ఇంచి. ఐదు కమాన్లు బారుగా గీసి ఉన్నాయి. ఒక్కో దాని కింద ఏవో అక్షరాలు, అంకెలు, బ్రాకెట్లు.

షాజహాన్ బీ అంకెల వంక చూడలేదు. వంపు వంక చూసింది. ఎంతో చక్కటి వంపు. పైన మెత్తగా తిరిగి, కిందికి వచ్చేకొద్దీ తొందరపడుతున్నట్టు దిగింది. ఎత్తు తొమ్మిది ఇంచులు, అడుగున వెడల్పు ఆరు. రెండు కమాన్ల మధ్య ఒక్క ఇంచి సందు. నడిమిది మాత్రం తక్కినవాటికన్నా ఏడు ఇంచులు పైకి ఉండాలని పెర్సిస్ చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత పెర్సిస్ మళ్లీ వచ్చేసరికి షాజహాన్ బీ ఒకే ఒక్క కమాను ఖాకా పొడిచి పెట్టుకుంది. మిగతా నాలుగూ ఏవని టీచర్ అడిగింది.

"ఇదే టీచరమ్మా. అన్నీ ఇదే. గుడ్డ మీద జరుపుకుంట పోతె అయిపోతది. వంపు ఒక్కటే గద, చోటే కద మారేది."

పెర్సిస్ మంచం అంచున కూచుంది.  ఆ మాట పిల్లల తలకెక్కించడానికి తాను ఎన్ని చాక్‌పీసులు అరగదీసిందో అప్పుడు చెప్పింది. వాటి పేరు వర్గ ప్రమేయాలట, ఆ వంపు పేరు పరావలయమట. చివర ఒక అంకె కలిపితే వంపంతా పైకి పోతుంది, తీసేస్తే కిందికి వస్తుంది. అక్కడివరకు పిల్లలు బాగానే వింటారు. పక్కకు జరపడం దగ్గరే గొడవ. కుడివైపు ఏడు ఇంచులు జరపాలంటే బ్రాకెట్లో ఏడు కలపరు, ఏడు తీసేస్తారు. ఎందుకు తిరకాసు అని ప్రతి ఏడూ ఒకరిద్దరు అడుగుతారు. తాను ఏదో చెప్పేది, వాళ్లు తలలూపేవారు. వాళ్లకు అర్థం కాలేదని తనకు తెలుస్తూనే ఉండేది.

లెక్కల మాట వినగానే షాజహాన్ బీ ఎప్పటిలాగే లేచి చాయ్ పెట్టడానికి పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదో ఆమెకూ తెలియదు. అప్పటికే చెయ్యి ఖాకా మీద ఉంది. గుడ్డ అంచున కొలతల టేపు పరిచి ఉంది, ఖాకా కాగితం అంచున కూడా ఇంచుల గీతలు గీసి అంకెలు వేసుకుంది, అది ఆమె అలవాటు. కాగితం మీది సున్నా సరిగ్గా గుడ్డ మీది సున్నా పైన ఉంది. ఆమె ఖాకాను కుడివైపుకు మూడు ఇంచులు జరిపింది.

"ఇగో, గుడ్డ మీద ఐదు కాడ చూడుండ్రి. దాని మీద కాగితంల ఏమున్నది?"

పెర్సిస్ కళ్లద్దాలు సరిచేసుకుని వంగి చూసింది. గుడ్డ మీది ఐదు పైన కాగితంలోని రెండు ఉంది.

"గుడ్డకు తన నంబరే తెల్సు. నా మీద ఏం చుక్క పడాలె అని అడగాలంటే కాగితం నంబరు కావాలె. అందుకే ఐదుల నుంచి మూడు తీసి రెండును అడుగుతది. కాగితం ముందుకు పోయింది, గుడ్డ ఎనకకు చూస్తున్నది. గంతే."

తుంపర ఆగి గల్లీలో చూరు నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. పెర్సిస్ ఆ రెండు వరసల అంకెలను వేలితో ఒకటొకటిగా తాకుతూ పోయింది. మూడు పైన సున్నా. నాలుగు పైన ఒకటి. తర్వాత ఆమె షాజహాన్ బీని నువ్వెంతవరకు చదివినవమ్మా అని అడిగింది. అంతవరకు మీరు అన్నది నువ్వు అయిందని ఇద్దరూ గమనించలేదు.

లెక్కల్లో తప్పిన సంగతి షాజహాన్ బీ అప్పుడే మొదటిసారి బయటి మనిషికి చెప్పింది.

పని అంత తిన్నగా సాగలేదు. ఆగస్టు మొదట్లో ఇద్దరికీ మాట తేడా వచ్చింది. నాలుగు కమాన్ల చుక్కలూ పడ్డాయి. నడిమిదాని దగ్గర షాజహాన్ బీ ఖాకాను ఏడు ఇంచులు పైకి జరిపి చూసి ఆగిపోయింది. కమాను కాళ్లు నేలకు ఏడు ఇంచుల ఎత్తున గాలిలో వేలాడుతున్నాయి. అదే టీచర్‌కు చెప్పింది. గీతకు కాళ్లుండవు, అది ఎక్కడా ఆగదు, కిందికి పోతూనే ఉంటుందని పెర్సిస్ అంది. నా కాగితం ఆగిపోతున్నది టీచరమ్మా, నేనేడికని పోవాలె అని షాజహాన్ బీ అడిగింది. ఆ రోజు పెర్సిస్‌కు మోకాలి నొప్పి, పైగా ఎండలో నడిచి వచ్చింది. బడిలో గొంతు వచ్చేసింది.

"ముప్పై రెండేండ్లు చెప్పిన నేను ఈ పాఠం. చివర్న తొమ్మిది తీసి పదహారు పెడితే అయిపోయింది. గింత చిన్న సంగతి గూడ తెల్వకుంటె ఎట్ల?"

 షాజహాన్ బీ గుడ్డను నాలుగు మడతలు పెట్టి బీరువాలో పెట్టింది. టీచర్ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఖయ్యూం వచ్చి మగ్గం ఖాళీగా ఉండటం చూసి, ఏమైందని ఉర్దూలో అడిగితే, నాకు హిసాబ్ రాదని మళ్లీ తెలిసింది అని మాత్రం చెప్పింది. అతను కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుట్టుమిషన్ బాగు చేయలేకపోయిన రోజు తాను దాన్ని తిట్టననీ, దాని పక్కన ఊరికే కూచుంటాననీ, కాసేపటికి అదే చెప్తుందనీ అన్నాడు. అంత పొడుగు మాట అతను మాట్లాడటం ఆ ఏడాదిలో అదే మొదలు.

ఆమె కూచుంది. పది రోజులు మధ్యాహ్నాలన్నీ ఆ ఒక్క ఖాకాను ఎదురుగా పెట్టుకుని ఊరికే కూచుంది. నిద్రా మెలకువా కాని స్థితిలో వంపు మీద వేలు నడిచేది. పై కొన దగ్గర మొదలుపెట్టి పక్కకు ఒక ఇంచి పోతే వేలు ఒక ఇంచి దిగుతుంది. ఇంకో ఇంచి పోతే మూడు దిగుతుంది. ఇంకోటి పోతే ఐదు. అక్కడ కాగితం అయిపోతుంది. ఒకటి, మూడు, ఐదు. ఆమె వాటిని లెక్కగా అనుకోలేదు. గుట్ట దిగే మెట్లలా అనిపించాయి, ఒక్కో మెట్టు ముందుదానికన్నా రెండు ఇంచులు లోతు. తొమ్మిదో రోజో పదో రోజో, కళ్లు మూతలు పడుతుండగా, వేలు కాగితం అంచు దాటి చాప మీదికి పోయింది. అది ఇంకో మెట్టు దిగింది. ఏడు.

ఆమె కళ్లు తెరిచింది. కాళ్లు గాలిలో వేలాడుతున్నది ఎంత ఎత్తున? ఏడే.

కొత్త కాగితం తీసి వంపును రెండు వైపులా ఒక్కో ఇంచి పొడిగించింది. ఆ ఒక్క ఇంచిలో గీత ఏడు ఇంచులు దిగి సరిగ్గా నేలను తాకింది. ఇప్పుడు కమాను వెడల్పు ఆరు కాదు, ఎనిమిది. అటూ ఇటూ ఉన్న ఒక్క ఇంచి సందూ నిండిపోయి, నడిమి కమాను పాదం పక్క కమాను పాదానికి ఆనింది, ఒకరి పాదం తగిలేలా ఒకరు నిలబడ్డట్టు. బీరువాలోంచి గుడ్డ తీసి చుక్కలు వేసింది. కాగితం ఎత్తి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. జోహా కాలేజీ నుంచి వచ్చి, అమ్మీ ఏడుస్తున్నవా అని అడిగే దాకా చెంపలు తడిసిన సంగతి ఆమెకు తెలియలేదు.

మరునాడు ఆమె కబురు పంపకముందే పెర్సిస్ వచ్చింది. గడపలోనే నిలబడి చెప్పింది, లోపలికి రాలేదు.

"నా గీత ఆగదు, నీ కాగితం ఆగుతది. గది నేను చూడలే. ఇంట్ల కూచోని గీసిన, వెడల్పు పెరుగుతదని అప్పుడు తెల్సింది. నిన్ను అట్ల అన్నందుకు నాకు నిద్ర పట్టలే, షాజహాన్ బీ."

షాజహాన్ బీ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి గుడ్డ చూపించింది. ఏ సూత్రంతో చేసినవని టీచర్ అడిగింది. సూత్రం లేదు, వేలు దిగింది అని చెప్పి, మెట్ల సంగతి చెప్పింది. ఒకటి, మూడు, ఐదు, ఏడు. పెర్సిస్ ఈసారి చాలా మెల్లగా, ఒక్కో మాటా తూచినట్టు చెప్పుకొచ్చింది. పక్కకు ఎంత పోతే కిందికి ఎంత దిగిందో, దిగినదాన్ని పోయినదానితో భాగిస్తే వచ్చేది సగటు మార్పు రేటు. నువ్వు మెట్లన్నవే, ఆ ఇంచిలో అది ఆ రేటే. పైనుంచి మూడు ఇంచులు పోతే మొత్తం తొమ్మిది దిగింది, సగటున ఇంచికి మూడు. కాని ఏ మెట్టు దగ్గర నిలబడ్డవన్నదాన్నిబట్టి అది ఒకటి కావచ్చు, ఐదు కావచ్చు. వంపును పైకి జరిపినా, పక్కకు జరిపినా మెట్లు దానితోబాటే పోతాయి, మెట్ల లోతు మారదు.

ఆ తర్వాత కుట్టు మొదలైంది. మొదట్లో షాజహాన్ బీ కుట్లు పొడుగ్గా వేసింది, పైవంపు దగ్గర గీత విరిగినట్టు కనిపించింది. మూడు ఇంచుల జరీ విప్పేసింది. విప్పుతూ, కుట్టుకు రెండు కొనలే తెలుసు, నడుమ వంపు ఏం చేసిందో దానికి తెల్వదు, అందుకే చిన్నగా వెయ్యాలె అని తనలో తాను అనుకుంది. ఎదురుగా కూచున్న పెర్సిస్ ఆ మాట విని సంచిలోంచి పెన్ను తీసి గ్రాఫు కాగితం వెనకాల రాసుకుంది.

సెప్టెంబరంతా అట్లా గడిచింది. పెర్సిస్ వారానికి రెండుసార్లు వచ్చి మగ్గం పక్కన కుర్చీలో కూచునేది. ఆమె వచ్చిన రోజు గుడ్డ మీద వెలుతురు ఎక్కువైనట్టుండేది.  మగ్గం పనికి వాడే ఆరి సూది గుడ్డలోకి దిగి పైకి వచ్చే చప్పుడు ఒక్కటే వినిపించేది, టక్ టక్ అని, గోరింట చెట్టు మీద పిట్ట ముక్కు కొట్టినట్టు.

ఒక రోజు షాజహాన్ బీ ఒక కమాను ఎడమ పాదం దగ్గర మొదలుపెట్టి కుడి పాదం దగ్గరికి వచ్చి దారం తెంపింది. ఈ పాదం నుంచి ఆ పాదం దాకా సగటు ఎంత టీచరమ్మా అని అడిగింది. పెర్సిస్ నవ్వింది. ఎక్కింది తొమ్మిది, దిగింది తొమ్మిది. సున్నా అంది.

షాజహాన్ బీ చేతిలో దారం అట్లాగే పట్టుకుని కమాను వంక చూసింది.

"అంటే ఏమీ జరగనట్టేనా?"

 పెర్సిస్ తన తల్లి గురించి చెప్పింది. పుట్టిన ఊళ్లోనే చనిపోయింది, అదే చర్చి, అదే వీధి. చివరికి చేతిలో ఏమీ లేదు, మొదట్లోనూ ఏమీ లేదు. బడి ముఖం చూడని మనిషి కూతురిని లెక్కల టీచర్‌ను చేసింది.

"రెండు కొనలే చూసేటోళ్లకు సున్నా. నువ్వు కుట్టినవు గద, నీకెట్ల సున్నా అయితది?"

అక్టోబరులో గుడ్డ పూర్తయింది. ఎల్దుర్తి దగ్గరి ఆ పల్లెకు ఇద్దరూ ఆటోలో పోయారు. దారిపొడుగునా వరి కంకులు పాలు పోసుకుంటున్నాయి. చర్చి నిజంగా చిన్నది, రెండు గదులంత. పెర్సిస్ బల్ల మీద గుడ్డ పరిచి మోకాళ్ల మీద కూచుంది. షాజహాన్ బీ తల మీద కొంగు సరిచేసుకుని వెనక బెంచీలో కూచుంది. మధ్యాహ్నపు ఎండ పక్క కిటికీలోంచి వచ్చి నేల మీద పడి మెల్లగా జరుగుతోంది. ఆ వెలుతురు ముక్క ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి చేరేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పెర్సిస్ నిద్రపోయింది, తల షాజహాన్ బీ భుజం మీద ఆన్చి.

పెర్సిస్ ఇంట్లో శనివారాలు పదో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మంది ట్యూషన్‌కు వస్తారు. నవంబరులో ఒక శనివారం టీచర్ షాజహాన్ బీని ఖాకా, వేరే గుడ్డ ఒకటి, టేపు పట్టుకుని రమ్మంది.  ఆమె పిల్లల ముఖాలు చూడకుండా గుడ్డనే చూస్తూ కాగితం జరిపింది. ఐదు పైన రెండు, నాలుగు పైన ఒకటి. బాలలక్ష్మి అనే పిల్ల, ఎప్పుడూ వెనక కూచునేది, లేచి వచ్చి కాగితాన్ని ఎడమవైపుకు జరిపి, ఇప్పుడు కలపాలె గద అమ్మా అని అడిగింది. షాజహాన్ బీ అప్పుడు తలెత్తి ఆ పిల్ల ముఖం చూసింది. ఔను, ఇప్పుడు కలపాలె, అంది.

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టాలన్నది జోహా ఆలోచన. ఫోన్‌లో ఫారం నింపి, తల్లి ఫోటో ఒకటి గోరింట చెట్టు దగ్గర తీసి ఎక్కించింది. షాజహాన్ బీ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. చలికాలమంతా మధ్యాహ్నాలు మగ్గం మీద పుస్తకం పెట్టుకుని చదివింది. లెక్కల పుస్తకంలో ఆమె మొదట బొమ్మలున్న పేజీలే చదివేది. తర్వాత బొమ్మలు లేని పేజీల్లో కూడా బొమ్మలు కనిపించడం మొదలైంది. ఒక సమీకరణం చూడగానే దాని కొన ఎక్కడుందో, ఎంత పైకి జరిగిందో, మెట్లు ఎట్లా దిగుతాయో కళ్ల ముందు చుక్కలుగా పడేది. భాగహారాలు మాత్రం ఇంకా తప్పుతూనే ఉండేది. చదువుతూ చదువుతూ ఎక్కడికో పోయేది. పెర్సిస్ వచ్చి, ఏ పేజీల ఉన్నవు అని అడిగితే ఉలిక్కిపడేది.

వేసవిలో పరీక్షలు జరిగాయి. హాల్లో ఆమె పక్కన టేక్మాల్ నుంచి వచ్చిన మల్లేశం అనే నలభై ఏళ్ల ట్రాక్టర్ డ్రైవరు కూచున్నాడు. ఇద్దరికీ బెంచీ ఇరుకైంది. లెక్కల పరీక్ష రోజు ఆమె ప్రశ్నపత్రం మొత్తం చదవకముందే గ్రాఫు కాగితం తీసుకుని గీయడం మొదలుపెట్టిందట. ఇన్విజిలేటర్ వచ్చి, అమ్మా, ముందు నంబరు వెయ్యుండ్రి, అన్నాడట. బయటికి వచ్చాక ఎట్లా రాశావని ఖయ్యూం అడిగితే, ఏం రాశానో గుర్తు లేదు గాని చాలాసేపు హాయిగా ఉందని చెప్పింది.

ఫలితాలు జూన్ నెలలో ఒక మధ్యాహ్నం జోహా ఫోన్‌లో వచ్చాయి. లెక్కల్లో అరవై ఒకటి. ఉర్దూలో డెబ్బై నాలుగు. ఇంగ్లీషులో ఇరవై తొమ్మిది, ఆరు మార్కులతో తప్పింది. జోహా ఏడుపు ముఖం పెట్టింది. షాజహాన్ బీ మాత్రం ఫోన్ తీసుకుని లెక్కల మార్కును రెండు వేళ్లతో పెద్దది చేసి, తెరంతా ఆ ఒక్క అంకే నిండేదాకా పెద్దది చేసి చూసింది. ఖయ్యూం బజారుకు పోయి జిలేబీ తెచ్చాడు. పెర్సిస్ వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టి ఉర్దూలో ఒక్క మాట అంది, షాబాష్ అని. టీచర్‌కు ఉర్దూలో వచ్చిన కొద్ది మాటల్లో అదొకటి.

ఇప్పుడు శనివారాలు పెర్సిస్ ఇంట్లో షాజహాన్ బీకి ఒక కుర్చీ ఉంది. దుకాణాల పని మళ్లీ పెరగలేదు. నెలకు రెండో మూడో గుడ్డలు వస్తాయి, పెళ్లివాళ్లవి. టీచర్ పాత విద్యార్థి ఒకామె టేక్మాల్ బడిలో లెక్కలు చెప్తోంది. ఆమె పిలిస్తే షాజహాన్ బీ ఒకసారి అక్కడికి కూడా గుడ్డా కాగితం పట్టుకుని పోయి వచ్చింది.

అక్టోబరులో ఇంగ్లీషు పరీక్ష మళ్లీ ఉంది. జోహా రోజూ అరగంట కూచోబెట్టి చదివిస్తోంది. ప్రస్తుతం ఒక పాఠం దగ్గర ఆగారు, అందులో ఓడ ఒకటి రేవు వదిలి పోతుంది. షాజహాన్ బీ సముద్రం చూడలేదు. ఏడుపాయల దగ్గర వానాకాలం మంజీర చూసింది, అంతే. ఆ వాక్యం రాగానే పుస్తకం ఒళ్లో పెట్టుకుని తలుపు బయటికి చూస్తూ ఉండిపోతుందని, మూడు వారాలుగా ఆ ఓడ రేవు దాటలేదని జోహా ఫిర్యాదు.